మెడాక్, పొమెరాల్: ఒకే బోర్డో, రెండు రుచులు

రెండూ ఫ్రాన్స్‌లోని బోర్డో రెడ్ వైన్లే. మెడాక్‌ది ఎక్కువగా గులకరాళ్ల నేల, అక్కడ కెబర్నే సావిన్యోన్ ద్రాక్షదే పెత్తనం. లేత వైన్ తాగితే నేరేడుపండు తిన్నట్టు నాలుక, చిగుళ్లు పట్టేస్తాయి. ఆ వగరు టానిన్లది, అంటే ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే పదార్థాలది, లోపం కాదు. పొమెరాల్ బంకమట్టిలో పండే మెర్లో ద్రాక్ష వైన్ మెత్తగా, ఆల్‌బుఖరా వాసనతో ఉంటుంది.

2010 పంట మెడాక్‌ను తాగే ముందు రెండు గంటలు డికాంటర్‌లో, అంటే వైన్‌కు గాలి తగిలేలా పోసి ఉంచే గాజు కూజాలో, ఉంచండి. 2013లో చలికి, వానకి పూత రాలి మెర్లో బాగా దెబ్బతింది. ఆ ఏటి పొమెరాల్ పలుచన, దాచిపెట్టి లాభం లేదు.

రెంటినీ పోల్చి రుచి చూడాలంటే ఒకేరకం గ్లాసుల్లో 50 మి.లీ. చొప్పున, 17 డిగ్రీల దగ్గర పోయండి. మన వేసవి గది వేడిలో ఆల్కహాల్ ఘాటు ముక్కుకెక్కి పండు వాసనను కప్పేస్తుంది, ముందు ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. పొమెరాల్ ముందు, మెడాక్ తర్వాత. తడిసిన అట్ట వాసన వస్తే కార్క్ చెడినట్టే, ఇంకో సీసా తెరవండి.