సిమ్ ట్రే లేని అమెరికా ఫోన్‌తో గుంటూరులో ఏడాది పైన

సిమ్‌ని చేత్తో బయటికి తీయలేని ఫోన్ మీద నాకు ఇంకా కోపం పోలేదు. కెమెరా, బ్యాటరీ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

అక్క డాలస్ నుంచి పంపిన ఐఫోన్ 15 ఇది. అక్కడ వాయిదాల మీద ఇచ్చే ఫోన్లలో చాలావరకు ఆ కంపెనీ సిమ్ తప్ప వేరేది పనిచేయదు. అందుకే పూర్తి డబ్బు కట్టి అన్‌లాక్డ్‌దే కొనమన్నాను. సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద, క్యారియర్ లాక్ దగ్గర ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంది. మన 4జీ, 5జీ బ్యాండ్లతో ఏ ఇబ్బందీ రాలేదు. కానీ అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచి ట్రే లేదు. ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈసిమ్ ఒక్కటే దిక్కు. అన్‌లాక్డ్ అయితే చాలు ఏ సిమ్మైనా వేసుకోవచ్చు అనుకునేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

మొదట్లో బాగా నచ్చింది. *#06# కొడితే ఐఎంఈఐలతో పాటు ఈసిమ్ గుర్తింపు సంఖ్య అయిన 32 అంకెల ఈఐడీ కూడా కనిపిస్తుంది. వైఫై ఉంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసుకోవడమే పని. బ్యాంకు నంబరు, డేటా నంబరు రెండూ ఈసిమ్‌లోకే మార్చేశాను. దొంగ ఎత్తుకుపోయినా సిమ్ పీకి పారేయలేడని మిర్చి యార్డులో పక్క కొట్లవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే ఆ ఇబ్బంది సొంతదారుకీ ఉంటుంది.

యార్డులో మా నాన్నగారి కమీషన్ కొట్టు లెక్కలు నేనే చూస్తాను. రైతుల ఖాతాలకు డబ్బు వేసే ఓటీపీలన్నీ నా నంబరుకే వస్తాయి. మార్చిలో, సీజన్ మంచి జోరు మీద ఉండగా, కాటా దగ్గర ఫోన్ జేబులోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. తెర నల్లగా అయిపోయింది. రింగు వినిపిస్తోంది కానీ వేలు పెడితే పలకదు. పాత ఫోనైతే పిన్ను పెట్టి సిమ్ తీసి, గుమస్తా ఫోన్లో వేసుకుని టీ తాగేలోపు పనిలో పడేవాడిని. ఇందులో తీయడానికేముంది? అరండల్‌పేటలో తెర మారుస్తామన్నారు కానీ సరుకు రావడానికి రెండు రోజులన్నారు.

నంబరిచ్చిన కంపెనీ స్టోర్‌కి పరుగెత్తాను. ఆధార్, వేలిముద్ర తీసుకుని మామూలు సిమ్ ఇచ్చారు. ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్‌లో వేస్తే కాల్స్ వచ్చాయి. ఓటీపీ మాత్రం రాలేదు. మళ్లీ వెళ్లి అడిగితే కౌంటర్‌లో అమ్మాయి, “సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆగుతాయండి, అందరికీ అంతే,” అంది. సిమ్ చేతిలో పెట్టినప్పుడే ఆ ముక్క ఎందుకు చెప్పలేదన్నదే నా బాధ. ఆ ఫోన్లో యూపీఐ పెట్టుకుందామన్నా మన నంబరు నుంచి మెసేజ్ పోవాలి, అదీ పోదు. కురిచేడు నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన పెద్దాయన సాయంత్రం దాకా కొట్లోనే కూర్చుని, “డబ్బులు పడలేదేంటి బాబూ,” అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి నాన్నగారు చెక్కు రాసిచ్చారు. ఊరెళ్లి బ్యాంకులో వేసుకుని, అది పాసయ్యేదాకా ఎదురుచూడాలి ఆయన.

కోపంతో వేరే కంపెనీకి పోర్ట్ పెడదామని మర్నాడు 1900కి మెసేజ్ పంపితే కోడ్ రాలేదు. సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా ఇవ్వకూడదని 2024 జూలై 1 నుంచి నిబంధన. మన నంబరుకి ఎవరో దొంగ సిమ్ తీసుకుని ఖాతా ఊడ్చేయకుండా పెట్టినవే ఈ రెండూ. ఆ కారణం సబబే, దాన్ని నేను తప్పుపట్టను.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. బ్యాంకు నంబరు మళ్లీ ఈసిమ్ చేయలేదు. మామూలు సిమ్‌గానే కీప్యాడ్ ఫోన్లో ఉంటుంది, ఓటీపీలు అందులోకే వస్తాయి. దానికి డేటా ఎందుకు? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో 2025 జనవరిలో కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి. నేను వేయించినప్పుడు ఎయిర్‌టెల్‌లో 365 రోజులకు 1,849 రూపాయలు, జియోలో 336 రోజులకు 1,748. రేట్లు మారుతుంటాయి, చూసుకోండి. రీఛార్జ్ షాపుల్లో మనం అడిగితే తప్ప ఈ ప్లాన్ల మాటెత్తరు. నాది 2జీ కీప్యాడ్ ఫోన్ కాబట్టి ఎయిర్‌టెల్ తీసుకున్నాను. జియోకి 2జీ లేదు, దానికి 4జీ కీప్యాడ్ ఫోనే కావాలి. ఏడాదికి ఒక్కసారి రీఛార్జ్ చేసి మరిచిపోవడం నాకెంతో హాయిగా ఉంది. 28 రోజులకోసారి గుర్తుపెట్టుకునే బాధ ఆ నంబరుకి తప్పింది.

డేటా నంబరు ఐఫోన్లో ఈసిమ్‌గానే ఉంచాను. దానికి రోజుకు 2 జీబీ ప్లాన్. 2024 జూలై నుంచి జియోలోనూ ఎయిర్‌టెల్‌లోనూ అపరిమిత 5జీ కావాలంటే అంతకు తక్కువ ప్లాన్లు పనికిరావు. మీ ఇంట్లో, మీరు పనిచేసే చోట ఏ సిగ్నల్ బాగుందో పక్కవాళ్ల ఫోన్లలో చూసుకున్నాకే కంపెనీ ఎంచుకోండి. యార్డు షెడ్లలో బాగా అందేది బ్రాడీపేటలో మా ఇంటి మేడ కింద అందదు.

జేబులో రెండు ఫోన్లు మోయడం అందరికీ కుదరదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే మా తమ్ముడు ఈసిమ్ ఒక్కటే వాడుతున్నాడు, వాడికి ఏ ఇబ్బందీ రాలేదు. ఒకరోజు ఓటీపీ రాకపోతే వాడి పని ఆగదు, నా పని ఆగుతుంది. ఫోన్ మాత్రం మంచిదే, వాడుతూనే ఉంటాను. అక్కని ఇంకొకటి పంపమని మాత్రం అడగను. ఇక్కడ అమ్మే 15కి ట్రే ఉంది, ఈసిమ్ కూడా ఉంది. ధర కాస్త ఎక్కువైనా నా వ్యాపారానికి అదే నయమనిపిస్తోంది.