నీల్ దీవి యాత్ర: నల్లగొండ ట్రావెల్స్ వారి ఏర్పాట్లు ఎలా ఉన్నాయి

నల్లగొండలోని ఒక చిన్న ట్రావెల్స్ సంస్థ ద్వారా గత చలికాలంలో మా కుటుంబం అండమాన్‌లోని షహీద్ ద్వీప్‌కు వెళ్లి వచ్చింది. 2018 వరకు నీల్ దీవి అని పిలిచిన ఈ చోటును మేము కోరి ఎంచుకున్నది, సందడికి దూరంగా చెట్టూ చేమా, పగడపు దిబ్బలూ చూడడానికే.

వారు మొదట ఇచ్చిన ప్రణాళికలో జెట్‌స్కీలు, ఫొటోషూట్‌లే ఎక్కువ. పైగా లక్ష్మణ్‌పూర్ తీరంలో సహజంగా ఏర్పడిన రాతి వంతెనను పోటు వేళకు పెట్టారు. ఆటు వేళ నీరు తీసినప్పుడే అక్కడికి నడిచి వెళ్లడం సులువు. రాళ్ల మధ్య గుంటల్లో మిగిలిన నీటిలో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు కనిపించేదీ అప్పుడే. ఆటుపోట్ల వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, నిరుడు వెళ్లినవారి పట్టికను ఈసారి వారికీ అంటగడితే కుదరదు. ఈ మాట చెప్పిన తర్వాత సంస్థవారు విసుక్కోకుండా, మా తేదీల ఆటుపోట్ల వివరాలు తెప్పించి మొత్తం క్రమాన్ని తిరగరాశారు. డబ్బు కట్టించుకున్నాక ఇంత ఓపిక చూపేవారు తక్కువే.

వారంతట వారు ఆలోచించి చేసిన మంచి ఏర్పాటు ఒకటుంది. వాతావరణం బాగాలేకపోతే దీవుల మధ్య ఓడలు ఆగిపోతాయి కాబట్టి, హైదరాబాద్ విమానానికి ముందు రాత్రి బసను శ్రీవిజయపురంలోనే, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంచారు. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గూకుతుంది. అందుకే తిరుగుడంతా తెల్లవారుజాము నుంచే మొదలయ్యేలా చూశారు.

భోజనం ఫరవాలేదు, కారం మాత్రం మన నాలుకకు చాలదు. అయితే పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షితాలని, ఒడ్డున పడి ఉన్న ముక్కలనైనా ఏరుకోరాదని ప్రయాణానికి ముందు సంస్థవారు చెప్పనే లేదు. పిల్లలు అప్పటికే జేబులు నింపుకున్నారు. అక్కడి డ్రైవరు వారించి తిరిగి పోయించాడు. నల్లగొండ నుంచి శంషాబాద్‌కు కారు కిరాయి ప్యాకేజీలో లేదన్న సంగతి కూడా బయలుదేరే ముందురోజే తెలిసింది. వీరి వద్ద బుక్ చేసేవారు ఆ కిరాయిని ముందే రసీదు మీద రాయించుకోవాలి.