విశాఖ ఉప్పుగాలిలో తొమ్మిదేళ్ళు: డాబా పూతలు, గోడ రాళ్ళు, షీట్లలో ఏది నిలిచింది, ఏది ఊడింది

ఇల్లు 2016లో పూర్తయింది. విశాఖలో, సముద్రానికి కిలోమీటరున్నర లోపు. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడలు, రెండంతస్తులు, పైన వెయ్యి చదరపు అడుగుల డాబా. ముందు గోడకు కొంత రాయి, కొంత టైలు, మెట్ల వైపు హెచ్‌పీఎల్ (కాగితం పొరలను రెజిన్‌తో గట్టిగా నొక్కి చేసే) షీటు వేశాం. తొమ్మిది వానాకాలాలు, 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను, ఏడాది పొడుగునా ఉప్పుగాలి. ఇన్నాళ్ళలో సరుకు నడిమధ్యలో చెడింది తక్కువ. చెడినవి చాలావరకు అంచుల్లో, అతుకుల్లో, స్క్రూ దిగిన చోట్లలోనే. దుకాణంలో మనకు చూపించేది మాత్రం ఎప్పుడూ నడిమి ముక్కే. అందుకే ఈ సమీక్షలో సరుకు పేరు కన్నా, అది గోడ మీద ఎక్కడ ముగుస్తుంది, దేన్ని పట్టుకుని ఉంటుంది అనే దాని గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందు డాబా. ఇక్కడ మూడు రకాలు పక్కపక్కనే వాడాం కాబట్టి పోల్చడం తేలిక: పెద్ద డాబాకు సిమెంటు-అక్రిలిక్ పూత, దాని మీద వాటం (నీళ్ళు జారేలా వాలుగా వేసే మాలు పొర), తెల్ల టైల్స్, మెట్ల గది కప్పుకు ఉత్త అక్రిలిక్ పూత, పోర్టికోకు మంటతో అతికించే తారు షీటు.

ఇటుక ముక్కల కోబా (డాబా మీద ఇటుక ముక్కలు, మాలు పరిచే పాత పద్ధతి) ఎందుకు వద్దనుకున్నామంటే, బరువు. వాటంతో కలిపి సగటున నాలుగంగుళాల మందం పడుతుంది. వెయ్యి చదరపు అడుగులకు అది 18 టన్నుల దాకా వెళ్తుంది. ఇంజనీరు ఆ బరువును ముందే లెక్కలో వేసి ఉంటే కోబా మంచి పద్ధతే, ఎండను కూడా బాగా ఆపుతుంది. కానీ ఇటుక ముక్కల్ని రాత్రంతా నానబెట్టకుండా పరిస్తే అవి మాలులో నీళ్ళు పీల్చేసుకుంటాయి, మాలు పొడిబారి నెర్రెలిస్తుంది. ఒక్కసారి నీళ్ళు లోపలికి దిగితే ముక్కల మధ్య అడ్డంగా పాకుతాయి. పైన బీట ఒక చోట, కింద గదిలో చుక్క పది అడుగుల అవతల. రిపేరుకు ఎక్కడ తవ్వాలో తెలియదు.

పెద్ద డాబాకు చేసిన పని ఇది. శ్లాబు మీద తేలిన సిమెంటు పాల పొరను ఇనుప బ్రష్‌తో గీకేయాలి. ఆ పొర ఉండగా ఏ పూత వేసినా పూత పొరను పట్టుకుంటుంది, శ్లాబును పట్టుకోదు. తర్వాత పిట్టగోడ శ్లాబుతో కలిసే మూలంతా 1:3 సిమెంటు-ఇసుక మాలులో లేటెక్స్ (పట్టు పెంచే జిగురు ద్రవం) కలిపి 50 మి.మీ. మేర గుండ్రంగా నింపాలి. మూల నిటారుగా ఉంటే పూత అక్కడ పలచబడి మొదటి ఎండాకాలంలోనే చీలుతుంది. ఆ గుండ్రం మీద ఫైబర్ గ్లాసు జాలి పరిచి, శ్లాబును తడిపి, నీళ్ళు నిలవకుండా తుడిచి, పూత రెండు కోట్లు వేయాలి. మొదటిది ఉత్తరం నుంచి దక్షిణానికి లాగితే రెండోది తూర్పు నుంచి పడమరకు. పిట్టగోడ మీదకు కూడా ఒక అడుగు ఎత్తు ఎక్కించాలి. రెండు కోట్లకూ కలిపి చదరపు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు కిలోల సరుకు పడాలి. వెయ్యి అడుగుల డాబా, పిట్టగోడ అంచు కలిపితే దాదాపు 105 చదరపు మీటర్లు, అంటే 160 కిలోలకు తగ్గకూడదు. సాయంత్రానికి ఖాళీ అయిన సంచులు, డబ్బాలు లెక్కపెట్టండి. మేస్త్రి మాట కన్నా అదే నమ్మకం.

పూత ఆరాక డాబాలో రెండంగుళాల నీళ్ళు కట్టి 72 గంటలు ఉంచాలి. దాదాపు 4,700 లీటర్లు, ఒక ట్యాంకరు. నీళ్ళు తగ్గితే అది కారడమో ఎండకు ఆవిరవడమో ఎలా తెలుస్తుంది? పక్కనే ఒక బకెట్‌లో నీళ్ళు పెట్టి రెండిటికీ మట్టం గీత గీయండి. బకెట్‌లో 15 మి.మీ. తగ్గి డాబాలో 25 మి.మీ. తగ్గితే, ఆ పది మి.మీ. ఎక్కడికో దిగినట్టే. సాధారణంగా అది వాన గొట్టం మూతి చుట్టూ దొరుకుతుంది.

ఆ గొట్టాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగంగుళాల గొట్టం ఒక్కటి, గంటకు 100 మి.మీ. వాన పడితే, సుమారు 40 చదరపు మీటర్ల డాబా నీటిని మోయగలదు. తుపాను తీరంలో వెయ్యి అడుగుల డాబాకు రెండు చాలవు, మూడు పెట్టండి. వాటం 1:100, అంటే మీటరుకు సెంటీమీటరు. పూతకూ వాటానికీ మధ్య తొందరపడి మేకులు కొట్టి దారం కట్టే మేస్త్రులుంటారు. ప్రతి మేకూ ఒక రంధ్రం. దారాన్ని ఇటుకకు కట్టమనండి.

తొమ్మిదేళ్ళలో ఈ డాబా కింద గదుల్లో ఒక్క చెమ్మ మరక లేదు. చెడింది పైన టైల్సే. నాలుగో వేసవిలో పిట్టగోడ వారన ఒక వరుస గుడారంలా పైకి లేచింది. కారణం, టైల్స్‌ను పిట్టగోడకు ఆనించి వేయడం. పది మీటర్ల డాబా 30 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 3 మి.మీ. సాగుతుంది. పోవడానికి చోటు లేక లేచిపోయింది. ఆ వరుస తీసేసి, చుట్టూ 8 మి.మీ. సందు వదిలి, అందులో ఫోమ్ తాడు నొక్కి పైన పీయూ (పాలియురేథేన్, సాగే గుణమున్న) సీలెంట్ నింపాం. మళ్ళీ లేవలేదు. ఈ సందు మొదటి రోజే వదిలితే రూపాయి ఖర్చు లేదు.

మెట్ల గది కప్పు మీది అక్రిలిక్ పూత మాత్రం మూడేళ్ళకే నీళ్ళు నిలిచే పల్లంలో పొట్టులా లేచింది. ఇందులో డబ్బా మీది లెక్కను ఒకసారి మీరే వేసి చూడాలి. 20 లీటర్లతో వెయ్యి చదరపు అడుగులు వేస్తామంటే తడిగా ఉన్నప్పుడు ఆ పొర 0.2 మి.మీ.; ఆరాక అందులో సగం. అది రంగు అవుతుంది గానీ నీటిని ఆపే పొర కాదు. ఆరాక ఒక మి.మీ. మందం నిలవాలంటే చదరపు మీటరుకు రెండు లీటర్ల దాకా పోయాలి, మధ్యలో జాలి పరవాలి. అలా మళ్ళీ వేశాక బాగుంది, ముఖ్యంగా తెలుపు కాబట్టి కింద వేడి బాగా తగ్గింది. అయినా నీళ్ళు నిలిచే చోట అక్రిలిక్ వద్దు. ముందు పల్లం సరిచేయండి.

పోర్టికో మీది తారు షీటు ఫర్వాలేదు. షీటు మీద షీటు 100 మి.మీ. ఎక్కాలి. గోడ దగ్గర 20 మి.మీ. లోతు గాడి కోసి అంచును అందులోకి మడిచి మూయాలి. మూడు వైపులా అలాగే చేసి నాలుగో వైపు ఊరికే పూత మీద అతికించారు. ఆరో ఏట లేచింది ఆ నాలుగో వైపే.

గోడల్లో అసలు దెబ్బ తూర్పు గోడకు. ఈదురుగాలిలో వాన పైనుంచి పడదు, అడ్డంగా జల్లు కొడుతుంది. బయటి ప్లాస్టరింగ్ రెండు పూతలు: 12 మి.మీ., దాని మీద 8 మి.మీ. ఒకే పూతలో 20 మి.మీ. కొడితే అది సొంత బరువుకే జారి సన్న బీటలు తీస్తుంది. మాలులో డాక్టర్ ఫిక్సిట్ ఎల్‌డబ్ల్యూ ప్లస్ లాంటి వాటర్‌ప్రూఫింగ్ ద్రవం 50 కిలోల బస్తాకు 200 మి.లీ., అదీ కలిపే నీళ్ళలో పోయాలి, ఇసుక కుప్ప మీద కాదు. మంచిదని రెట్టింపు పోస్తే మాలు బలం తగ్గుతుంది. ఏడు రోజులు తడపాలి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే తడపడానికి కూడా వాడొద్దు. ఆ ఉప్పు తర్వాత రంగు వెనక చౌడుగా తేలుతుంది.

పిల్లరు ఇటుక గోడతో కలిసే చోట జాలి తప్పనిసరి, అటొక ఆరంగుళాలు ఇటొక ఆరంగుళాలు. తూర్పు గోడకు మామూలు కోళ్ళ జాలి, మిగతా వైపులకు క్షారాన్ని తట్టుకునే ఫైబర్ గ్లాసు జాలి వేశాం. ఏడో ఏట తూర్పు గోడ మీద పిల్లరు పొడుగునా గోధుమ రంగు గీత తేలింది. వేలితో నొక్కితే ప్లాస్టరు బోలుగా మోగింది. కొట్టి చూస్తే తీగ స్థానంలో తుప్పు పొడి మాత్రం ఉంది. తీరంలో ఇనుప జాలి కొనకండి, జింకు పూత ఉన్నా సరే.

రంగు: ప్లాస్టరింగ్ అయిన 28 రోజుల తర్వాత ప్రైమరు, సాగే గుణమున్న ఎలాస్టోమెరిక్ పెయింటు రెండు కోట్లు. బయట పుట్టీ వేయలేదు. వేసిన చిన్న భాగంలోనే, బాల్కనీ గోడ లోపలి వైపు, పెచ్చులూడాయి. రంగు ఆరేళ్ళు నిలిచింది. టెక్స్చర్ అందంగానే ఉంటుంది గానీ ఉత్తరపు గోడ మీద ఆ గరుకులో దుమ్ము, పాకుడు పట్టి రెండేళ్ళకే నల్లబడింది.

సజ్జల అడుగున అంచుకు రెండంగుళాల లోపల 12 మి.మీ. గాడి ఉండాలి. అది లేకపోతే నీళ్ళు సజ్జ అడుగునే పాకి కిటికీ పైకి వస్తాయి. కిటికీ కింది గ్రానైటు పలక బయటికి వాటంగా, గోడ దాటి అంగుళంన్నర ముందుకు ఉండాలి, దాని అడుగునా గాడి కోయించాలి. ఫ్రేము చుట్టూ వాడే సిలికాన్ న్యూట్రల్ రకం కావాలి. ట్యూబు కోయగానే వెనిగర్ వాసన వస్తే అది సిమెంటును సరిగా పట్టుకోదు. యూపీవీసీ జరుపుడు కిటికీలు తుపానులో కారాయి. తలుపులా తెరిచేవి కారలేదు. జరుపుడు కిటికీ అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు రంగు వేసేవాళ్ళ పుట్టీతో మూసుకుపోవడం కూడా ఒక కారణం.

ఇక గోడకు తొడిగేవి. విశాఖలో కట్టడాల డిజైను లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. ఆ వేగంలో చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. ఎనిమిది నాలుగుల షీటు మీద 450 కిలోలు, మూలల్లో ఇంకా ఎక్కువ, పైగా అది తోయడం కాదు, బయటికి లాగడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కు ఊళ్ళో ఊడిన షీట్లు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కింది మూడడుగులు మంటతో గరుకు చేసిన గ్రానైటు, దానిపైన తొమ్మిది అడుగుల దాకా తాండూరు పసుపు రాయి. గ్రానైటు వేసిన నాడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. తాండూరు రాయి సున్నపురాయి. సముద్రం వైపు మొహం వాడి, పైపొర మెల్లగా గరుకెక్కింది. సిమెంటు మరకలు పోవాలని యాసిడ్‌తో కడిగిన నాలుగు ముక్కలు మాత్రం మొదటి నెలలోనే తెల్లగా పాలిపోయాయి. సున్నపురాయిని యాసిడ్ తినేస్తుంది, అది బాగయ్యే దారి లేదు. చవకని ఇక్కడి కొండల ఖోండలైట్ రాయి వేయాలనుకునేవాళ్ళు ఒకసారి కోణార్క్ వెళ్ళి చూడండి. ఆ గుడి ఎక్కువగా ఆ రాయిదే, ఉప్పుగాలికి శిల్పాలు ఎంత అరిగాయో కనిపిస్తుంది.

20 మి.మీ. రాయి చదరపు మీటరుకు 52 కిలోలు. ఉత్త సిమెంటు మాలుతో వేయకండి. గోడకు, రాయి వెనక్కి, రెండిటికీ టైప్ 3 అడెసివ్ (రాళ్ళు, టైల్స్ అతికించే సిమెంటు జిగురు) పళ్ళ తాపీతో రాసి నొక్కాలి. 3 మి.మీ. మందానికి 20 కిలోల బస్తా 45-50 చదరపు అడుగులకే వస్తుంది. మేస్త్రి 80 అడుగులు తీశానంటే నాలుగు మూలలా ముద్దలు పెట్టి నడుమ ఖాళీ వదిలాడని అర్థం. ఆ ఖాళీలో నీళ్ళు చేరతాయి, ఉప్పు పొంగుతుంది, చివరికి రాయి ఊడుతుంది. వారం తర్వాత ప్రతి రాయినీ నాణెంతో తట్టండి, బోలు మోతొస్తే తీయించండి. పదడుగుల పైకి అడెసివ్‌తో పాటు స్టీలు క్లిప్పు ఉండాల్సిందే.

మొదటి అంతస్తు ఎలివేషన్ టైల్స్‌లో (బయటి గోడకు అందానికి వేసేవి) రెండు రకాలు. కొనే ముందు ఒక టైలు తూచి, 24 గంటలు నీళ్ళలో వేసి, తుడిచి మళ్ళీ తూచండి. విట్రిఫైడ్ అయితే బరువు అర శాతం కూడా పెరగదు. గోడ సిరామిక్ పది శాతం పైన పెరుగుతుంది. ఆ రెండో రకం బాల్కనీ ముందు పెట్టిన చోట పైమెరుగు సాలెగూడులా చిట్లింది.

హెచ్‌పీఎల్ బయటి గ్రేడు, 6 మి.మీ. తొమ్మిదేళ్ళకు పడమటి వైపు కాస్త వెలిసింది, వంకర పోలేదు. ఎందుకంటే షీటుకు ఒక్క రంధ్రమే బిగువుగా ఉంచి మిగతావి రివెట్ కన్నా 3 మి.మీ. పెద్దవి చేయించాం, షీటుకూ షీటుకూ 8 మి.మీ. సందు, వెనక అంగుళం గాలి దారి, కిందా పైనా తెరిచే ఉంచాం. ఏసీపీ (రెండు అల్యూమినియం రేకుల మధ్య గుజ్జు పెట్టిన షీటు) జోలికి పోలేదు. పాలిథీన్ గుజ్జున్న ఏసీపీ మండుతుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది ప్రాణాలు తీసిన మంట గోడ పొడుగునా ఎగబాకింది అలాంటి షీట్ల మీదుగానే. చార్‌కోల్ లౌవర్లు (గీతల అలంకార ప్యానెళ్ళు) గది లోపలికే, ఎండకు పెళుసెక్కుతాయి.

స్క్రూల మీద పొదుపు చేయొద్దు. జింకు పూత స్క్రూలు మూడేళ్ళకు తలలు ఎర్రబడి షీటు మీద మరకలు దించాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కూడా టీ మరకల్లా రంగు మారింది. 316 రకం మాత్రం మెరుస్తూనే ఉంది, అందులో 2-3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అల్యూమినియం ఫ్రేముకు స్టీలు స్క్రూ తగిలే చోట నైలాన్ వాషరు వేయండి, లేకపోతే అల్యూమినియం తెల్ల పొడిగా రాలుతుంది.

అన్నీ అయ్యాక చివరి దెబ్బ ఏసీ, ఇంటర్నెట్ కేబులు వేసేవాళ్ళ డ్రిల్లుతో వస్తుంది. తూర్పు గోడలో ఇప్పటికీ జల్లుకు తడిసేది అలా పెట్టిన ఒక్క రంధ్రం దగ్గరే. లోపలి నుంచి తిన్నగా కొడితే బిట్టు బయట పైకే తేలింది, వాన లోపలికి నడిచొచ్చింది. రంధ్రం బయటివైపు 10 మి.మీ. కిందకు ఉండేలా గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి చూపించండి. పైపు దూర్చే ముందు ఆ రంధ్రంలో పీవీసీ గొట్టం ముక్క పెట్టి, చుట్టూ సీలెంట్ నింపి, కేబులు బయట ఒక జానెడు కిందకు వేలాడి మళ్ళీ పైకెక్కేలా వదలండి.