వియత్నాంలో మూడో సైనికుడి జాడ

పీజీ హిస్టరీలో నేను ప్రాజెక్టుకు తీసుకున్న అంశం వియత్నాం యుద్ధం, అందులోనూ సైనికుల అనుభవాలు. చదువుతున్నంత కాలం ఒక విషయం మనసును తొలుస్తూనే ఉండేది. అమెరికన్ సైనికుడి గురించి కావలసినంత సమాచారం దొరుకుతుంది. ఉత్తరాలు, ఇంటర్వ్యూలు, కోర్టు రికార్డులు, వాషింగ్టన్‌లో గోడ మీద చెక్కిన 58 వేల పైచిలుకు పేర్లు. కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం సైనికుడికి, అతనితో కలిసి పోరాడిన గెరిల్లాకి సొంత దేశంలో స్మారకాలున్నాయి, అమరవీరుల దినం ఉంది. వీళ్లు కాక మూడో సైనికుడు ఒకడున్నాడు. అమెరికా అండ ఉన్న సైగాన్ ప్రభుత్వం తరఫున యూనిఫాం వేసుకున్న దక్షిణ వియత్నాం కుర్రాడు. అలా చనిపోయినవాళ్లు రెండు లక్షలకు పైనే ఉంటారని చరిత్రకారుల అంచనా. గెలిచినవాళ్ల దృష్టిలో అతను కీలుబొమ్మ. అమెరికన్ పుస్తకాల్లో చాలావాటిలో ఓ పేరా.

కాబట్టి దక్షిణం నుంచి ఉత్తరం దాకా తిరిగినప్పుడు ప్రతి చోటా నేను చూసింది ఒకటే: ఇక్కడ సైనికుడు మనిషిగా కనిపిస్తున్నాడా లేదా? బస, ప్రయాణం, గైడ్ల సంగతులు కూడా రాస్తున్నాను, ఎందుకంటే చెడ్డ టూర్ ఎక్కితే ఎంత గొప్ప చోటైనా ఏమీ చెప్పదు.

హో చి మిన్ సిటీలో (జనం ఇప్పటికీ సైగాన్ అనే అంటారు) వార్ రెమ్నెంట్స్ మ్యూజియంతో మొదలుపెట్టాను. టికెట్ 40 వేల డాంగ్. 1975 సెప్టెంబర్‌లో తెరిచినప్పుడు దీని పేరులోనే అమెరికా నేరాలు, కీలుబొమ్మ ప్రభుత్వ నేరాలు అని ఉండేది. అమెరికాతో సంబంధాలు కుదుటపడ్డ 1995లో ఇప్పటి పేరు పెట్టారు. ముంగిట్లో హెలికాప్టరు, ట్యాంకు, యుద్ధవిమానాలు. అందరూ అక్కడే ఫొటోలు దిగుతూ ఉండిపోతారు. మీరు నేరుగా పై అంతస్తుకు వెళ్లండి. యుద్ధాన్ని కెమెరాతో పట్టుకుంటూ చనిపోయిన ఫొటోగ్రాఫర్ల చిత్రాల గది ఒకటుంది. రెండు వైపులా పనిచేసినవాళ్లను ఒకే గోడ మీద పెట్టిన గది, నేను చూసినంతలో, ఆ మ్యూజియంలో అదొక్కటే. ఇంకో చోట ఒక అమెరికన్ సార్జెంట్ తన పతకాలన్నీ తిరిగి ఇచ్చేస్తూ, తాను తప్పు చేశానని, క్షమించమని రాయించిన ఫలకం ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏజెంట్ ఆరెంజ్ (అడవుల మీద అమెరికా చల్లిన విషరసాయనం) గదికి మాత్రం మనసు గట్టి చేసుకుని వెళ్లాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ గది వదిలేయడమే మంచిది.

బస అప్పటి డిస్ట్రిక్ట్ 1లో కాకుండా మ్యూజియం ఉన్న డిస్ట్రిక్ట్ 3లో తీసుకోవడం కలిసొచ్చింది. రాత్రిళ్లు నిద్ర పడుతుంది, ఇండిపెండెన్స్ ప్యాలెస్‌కు నడిచి వెళ్లొచ్చు. 1975 ఏప్రిల్ 30న ట్యాంకులు గేటు విరగ్గొట్టుకుని లోపలికి వచ్చింది ఆ ప్యాలెస్‌లోకే. పైన హాళ్లు అందంగా ఉంటాయి గానీ, నేలమాళిగలో మ్యాపుల గది, రేడియో సెట్లు చూడాల్సినవి. ఓడిపోతున్న ప్రభుత్వం ఎలా పనిచేసేదో అవి కాస్త చెబుతాయి.

కూ చీ సొరంగాల గురించి ఎక్కువ రాయను. 250 కిలోమీటర్ల మేర గెరిల్లాలు తవ్వుకున్న ఆ సొరంగాల వ్యవస్థ నిజంగా అబ్బురమే. కానీ హాఫ్ డే టూర్లన్నీ తీసుకెళ్లేది బెన్ దిన్‌కు. అక్కడ రద్దీ ఎక్కువ, వెనక షూటింగ్ రేంజ్‌లో ఏకే-47 మోత ఆగదు. డబ్బు కట్టి తూటాలు కొనుక్కుని టూరిస్టులు పేలుస్తుంటారు. మనుషులు నెలల తరబడి భూమి లోపల దాక్కున్న చోట అది నాకు నచ్చలేదు. కాస్త దూరమైనా బెన్ డువోక్‌కు వెళ్లండి. జనం తక్కువ, పైగా అక్కడి గుడిలో ఆ ప్రాంతంలో చనిపోయిన 44 వేల మందికి పైగా పేర్లు రాతి మీద ఉన్నాయి. మూడో సైనికుడి పేరు వాటిలో ఉండదు.

సైగాన్ నుంచి రైల్లో క్వాంగ్ ఙై. సాఫ్ట్ స్లీపర్‌లో కింది బెర్త్ తీసుకుంటే ప్రయాణం హాయిగా ఉంటుంది. స్లీపర్ బస్సు చవకే గానీ పొడుగు మనుషులకు కాళ్లు చాపుకునే వీలుండదు. టూరిస్టులు ఈ ఊళ్లో దిగడం తక్కువ. హోటళ్లు సాదాగా, శుభ్రంగా, చవకగా ఉన్నాయి. ఇంగ్లీషు దాదాపు పనిచేయదు, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ ఉంటే చాలు. నేను ఇక్కడ దిగింది 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న సోన్ మీ కోసం. ప్రపంచం మై లై అని పిలిచే చోటు అదే.

1968 మార్చి 16 పొద్దున అమెరికా సైన్యపు చార్లీ కంపెనీ సైనికులు ఇక్కడ దిగారు. అంతకు ముందు వారాల్లో మందుపాతరలకు వాళ్లు తోటివాళ్లను పోగొట్టుకున్నారు. ఆ రోజు ఊళ్లో శత్రుసైన్యం ఎదురుపడనే లేదు. దొరికినవాళ్లు ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. వాళ్లనే చంపేశారు. మ్యూజియంలో నల్లరాయి మీద 504 పేర్లు, పక్కనే వయసులు ఉన్నాయి. వయసుల వరస చదువుతూ వెళ్తే 70 పక్కన 3, దాని కింద 1. అమెరికా సైన్యం చెప్పిన లెక్క 347. బయట కాల్చేసిన ఇళ్ల పునాదులను అలాగే ఉంచి, వాటి మధ్య బాటలను సిమెంటుతో వేశారు. ఆ సిమెంటులో అడుగుల ముద్రలున్నాయి. కొన్ని సైనికుల బూట్లవి, కొన్ని చెప్పుల్లేని పాదాలవి, మధ్యలో సైకిల్ టైరు జాడలు. ఆ బాట మీద ఎక్కడ కాలు వేయాలో తోచలేదు. పాదాల ముద్రలు చిన్నవి.

నేను చదివిన చదువుకు పరీక్ష ఇక్కడే ఎదురైంది. సైనికుణ్ణి అర్థం చేసుకోవాలని మొదలుపెట్టినవాళ్లు ఊరివాళ్లను తోసి కాల్చిన ఆ కాలువ గట్టు మీద నిలబడి ఏం చేయాలి? భయం, కసి, పైనుంచి వచ్చిన ఆజ్ఞలు, అన్నీ కారణాలే. కానీ అదే పొద్దున అదే సైన్యానికి చెందిన హ్యూ థాంప్సన్ అనే పైలట్ తన హెలికాప్టర్‌ను ఊరివాళ్లకూ సైనికులకూ మధ్య దించాడు. సొంత సైనికులు కాల్పులు మొదలుపెడితే వాళ్ల మీదే కాల్చమని తన సిబ్బందికి చెప్పి, కొంతమందిని బతికించాడు. అతనికీ ఇరవై నాలుగేళ్లే. కారణాలు ఉన్నంత మాత్రాన వేరే దారి లేదని కాదు. నా ప్రాజెక్టులో ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను. శిక్ష పడింది ఆ కంపెనీలో ఒక ప్లటూన్‌ను నడిపిన లెఫ్టినెంట్ కేలీ ఒక్కడికే. 1971లో యావజ్జీవం వేశారు, కొన్నేళ్ల గృహనిర్బంధంతో బయటికొచ్చేశాడు. థాంప్సన్‌కు, అతని ఇద్దరు సహచరులకు సోల్జర్స్ మెడల్ ఇవ్వడానికి 1998 దాకా పట్టింది. మ్యూజియంలో ఈ కథ కూడా ఉంది. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. ఆటోలాంటివి దొరకవు. గ్రాబ్ యాప్‌లో బైకు బుక్ చేసుకుని వెళ్లి, మాట్లాడుకుని అదే బండిలో వెనక్కి రావాలి. మధ్యాహ్నం భోజనాల వేళ మూసేస్తారు, పొద్దున్నే వెళ్లండి.

హ్యూయే నగరం సందర్శకులకు సౌకర్యమైనది. నది దక్షిణపు ఒడ్డున మంచి హోటళ్లు, బౌద్ధుల వల్ల శాకాహార భోజనశాలలు బోలెడు, మనవాళ్లకు ఇబ్బంది లేదు. కోటగోడల మీద 1968లో టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండగప్పుడు కమ్యూనిస్టులు చేసిన దాడి నాటి తూటా గుర్తులు ఇంకా ఉన్నాయి. నగరాన్ని తిరిగి పట్టుకోవడానికి అమెరికా, దక్షిణ సేనలు నెల రోజులు పోరాడాయి, బాంబులతో చాలా భాగం నేలమట్టమైంది. అయితే ఆ నెలలో కమ్యూనిస్టు బలగాలు నగరాన్ని పట్టుకుని ఉన్నప్పుడు పౌరులను పెద్ద సంఖ్యలో చంపాయి. తర్వాత సామూహిక సమాధులు బయటపడ్డాయి. సంఖ్య మీద వాదనలున్నాయి, చంపడం మీద లేవు. నేను చూసిన ఏ బోర్డు మీదా దాని గురించి ఒక్క వాక్యం లేదు. గైడును అడిగితే మర్యాదగా మాట మార్చాడు. అతన్ని తప్పుపట్టను, అతని ఉద్యోగం అలాంటిది. సోన్ మీలో 504 పేర్లు చదివివచ్చినవాళ్లకు ఈ మౌనం మరీ గట్టిగా వినిపిస్తుంది.

హ్యూయే నుంచి డీఎంజెడ్ (ఉత్తర, దక్షిణాల మధ్య ఒకప్పటి సైన్యరహిత ప్రాంతం) గ్రూప్ టూర్ ఒకటి తీసుకున్నాను. వద్దనే చెబుతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోజంతా, అందులో సగం బస్సులోనే. 1968లో ముట్టడికి గురైన అమెరికా స్థావరం ఖే సాన్‌లో దిగేసరికి గైడు గడియారం చూపిస్తున్నాడు. క్వాంగ్ ట్రి కోట అసలు లిస్టులోనే లేదు. ఆ మర్నాడే బస డాంగ్ హాకు మార్చేశాను. ఈ యాత్రలో చేసిన మంచి పని అదే. చిన్న పట్టణం, కుటుంబాలు నడిపే చిన్న హోటళ్లు, కారూ డ్రైవరూ మాట్లాడుకుంటే అన్నీ దగ్గరే.

బెన్ హై నది మీద హియెన్ లువాంగ్ వంతెన 1954 జెనీవా ఒప్పందం తర్వాత దేశాన్ని చీల్చిన గీత. ఆ ఒప్పందం అమలును చూసిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన దేశమే. మన పాఠ్యపుస్తకాల్లో ఆ మాట దాదాపు కనిపించదు. వంతెనకు సగం నీలం, సగం పసుపు రంగు. రెండు ఒడ్ల మీద లౌడ్‌స్పీకర్లు, ఎవరి జెండా ఎత్తు అనే పోటీ. విన్ మోక్ సొరంగాలు కూ చీ కన్నా ఎంతో మేలు. ఊరు ఊరంతా బాంబులకు భయపడి భూమిలోకి దిగి బతికిన చోటు, 17 మంది పిల్లలు ఆ లోపలే పుట్టారు. ప్రసవం గది అని బోర్డు పెట్టిన గూడులో ఒక మంచం కూడా సరిగ్గా పట్టదు. డాంగ్ హాలో మైన్ యాక్షన్ సెంటర్ తప్పక చూడండి. యుద్ధం ముగిసిన దశాబ్దాల తర్వాత కూడా ఈ జిల్లాల పొలాల్లో క్లస్టర్ బాంబులు ఎలా బయటపడుతున్నాయో అక్కడ చూపిస్తారు.

క్వాంగ్ ట్రి కోటలో ఒక రోజంతా గడిపాను. 1972లో ఉత్తర సేనలు ఎదురుదాడిని తట్టుకుంటూ ఈ కోటను 81 రోజులు కాపాడుకున్నాయి. సెప్టెంబర్ 16న దక్షిణ వియత్నాం మెరైన్లు తిరిగి గెలుచుకున్నారు. కోట లోపల ఇప్పుడు పచ్చిక, చెట్లు, మధ్యలో సమాధి దిబ్బలాంటి స్మారకం. నేల కింద ఇంకా ఎందరున్నారో లెక్క తేలలేదు కాబట్టి, ఇక్కడికి వచ్చేవాళ్లు మెల్లగా నడుస్తారు. 1971 సెప్టెంబర్ 6న హనోయ్ యూనివర్సిటీల నుంచి ఒక్కసారిగా సైన్యంలోకి తీసుకున్న విద్యార్థుల్లో చాలామంది వచ్చి పడింది ఇక్కడే. మ్యూజియంలో అలాంటి ఒక విద్యార్థి రాసిన ఉత్తరం ఉంది. గైడమ్మాయి చదివి ఇంగ్లీషులో చెప్పింది. తాను బతకనని తెలిసి, శాంతి వచ్చాక రైలెక్కి క్వాంగ్ ట్రి వచ్చి, థాక్ హాన్ నది దాటి, ఫలానా ఊళ్లో వెతకమని భార్యకు తన సమాధికి దారి రాశాడు. చెబుతూ చెబుతూ ఆ అమ్మాయి ఆగిపోయింది. నాకూ గొంతు పెగల్లేదు. అతను నా కోర్సు వయసువాడే. ఆ యుద్ధం సాగిన చాలా ఏళ్లు అమెరికాలో కాలేజీ సీటు ఉంటే డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) వాయిదా పడేది. సైగాన్‌లో 1968 చట్టంతో 18 నుంచి 38 ఏళ్ల మగవాళ్లందరూ సైన్యానికి లెక్కే.

మరి కోటను తిరిగి గెలవడానికి ప్రాణాలిచ్చిన ఆ దక్షిణాది కుర్రాళ్లు? మ్యూజియంలో వాళ్లు శత్రువు అనే ఒక్క మాటలో ఉన్నారు. ఊళ్లో తూటాలతో జల్లెడైన బో దే స్కూల్ గోడలను అలాగే ఉంచారు. ఆ రంధ్రాల్లో ఏది ఎవరి తుపాకీదో ఎవరూ చెప్పలేరు. డాంగ్ హాలో నేను దిగిన హోటల్ యజమానురాలిని సాయంత్రం ఈ విషయం అడిగాను. వాళ్ల పెదనాన్న ఉత్తరం తరఫున, నాన్న దక్షిణం తరఫున. పెదనాన్న యూనిఫాం ఫొటో, ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ హాల్లో గోడకున్నాయి. నాన్న ఫొటో పైన పూజగదిలో ఉంది, మామూలు తెల్లచొక్కాతో. "ఇద్దరికీ ఒకే రోజు అన్నం పెడతాం" అంది. డబ్బులు పెట్టి తీసుకున్న ఏ టూరూ నాకు ఇంత చెప్పలేదు.

హనోయ్ గురించి క్లుప్తంగా: హోవా లో జైలు మ్యూజియం ఆడియో గైడ్ చాలా బాగుంది, తీసుకోండి. ఫ్రెంచివాళ్లు పెట్టిన చిత్రహింసల మీద వివరంగా, అక్కడ బందీలైన అమెరికన్ పైలట్ల మీద మాత్రం బాస్కెట్‌బాల్, క్రిస్మస్ ఫొటోలతో ఉంటుంది. ఆ పైలట్లు తర్వాత చెప్పిన చిత్రహింసలు అక్కడ కనిపించవు. ఓల్డ్ క్వార్టర్‌లో బస చేస్తే వెనక వైపు గది అడగండి, వీధి మోత తెల్లవార్లూ.

తిరుగు విమానం సైగాన్ నుంచే కాబట్టి చివర్లో బిన్ ఆన్ శ్మశానానికి వెళ్లాను. ఒకప్పటి దక్షిణ వియత్నాం సైనిక శ్మశానం అది, దాదాపు 16 వేల సమాధులు. 1975 తర్వాత సైన్యం అధీనంలో ఉండి, 2006లో పౌర అధికారుల చేతికి వచ్చింది. ముఖద్వారం దగ్గర ఒకప్పుడు దుఃఖంతో కూర్చున్న సైనికుడి విగ్రహం ఉండేది, గెలిచినవాళ్లు తీసేశారు. కొన్ని సమాధులకు కొత్తగా సిమెంటు చేయించి ఫొటో పెట్టారు, చాలావాటికి పేరే మిగల్లేదు. అయినా నేను తిరిగినంతలో మూడో సైనికుడికంటూ ఉన్న చోటు ఇదొక్కటే. యుద్ధం గురించి చదివేవాళ్లు ఇది చూడకుండా వెనక్కి రావద్దు. టూర్ కంపెనీల జాబితాలో ఉండదు, బోర్డులూ గైడ్లూ ఉండరు. గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూపించమన్నారు, వివరాలు రాసుకున్నారు, ఇబ్బందేమీ పెట్టలేదు. ఫొటోలు తీసే ముందు అడగండి. అగరుబత్తులు, నీళ్లు వెంట తీసుకెళ్లండి. కారు బుక్ చేసుకున్నప్పుడే డ్రైవర్‌ను ఆగమని చెప్పండి, అక్కడి నుంచి తిరిగి బండి దొరకడం కష్టం.