ప్లికర్స్ కార్డులు: పిల్లల చేతిలో ఫోన్ లేకపోయినా క్లాసంతా ఆన్సర్ చెప్తుంది

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. "అర్థమైందా?" అంటే అందరూ "అయింది సార్" అంటారు, ప్రశ్న అడిగితే మాత్రం చెయ్యెత్తేది ఎప్పుడూ ఉండే ఆ నలుగురే. మిగతావాళ్ల బుర్రలో ఏముందో తెలుసుకుందామనే కార్డులతో నడిచే ప్లికర్స్ అనే క్విజ్ యాప్ మొదలుపెట్టా, రెండేళ్లుగా వాడుతున్నా.

ఎలాగంటే, ఒక్కొక్కరికి ఒక నంబరున్న కాగితం కార్డు ఇస్తాం, దాని మీద క్యూఆర్ కోడ్ లాంటి నల్ల బొమ్మ, నాలుగు అంచుల్లో చిన్నగా ఏ, బీ, సీ, డీ. తన ఆన్సర్ అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే చాలు, టీచర్ ఫోన్ కెమెరా అలా క్లాసంతా తిప్పితే ఎవరు ఏం పెట్టారో యాప్‌లో పడిపోతుంది. మామూలు సెట్‌లో 40 కార్డులు, పెద్ద క్లాసులకి 63 కార్డుల సెట్ ఉంది, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవడమే. ఏ కార్డు బొమ్మ దానిదే కాబట్టి పక్కవాడిది చూసి కాపీ కొట్టడం కష్టం, నోరు విప్పాలంటే భయపడే పిల్లలు కూడా కార్డు మాత్రం ఎత్తుతారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

కానీ ఊరికే క్విజ్ పెట్టి మార్కులు చూసుకుంటే దీని విలువ సగం కూడా అందదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్, అంటే పిల్లలే ఒకరితో ఒకరు చర్చించుకుని నేర్చుకునే పద్ధతి ఉంది, దాంతో కలిపి వాడాలి. ఉదాహరణకి సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపిన ఒకేలాంటి రెండు బల్బులు, ఏది ఎక్కువ వెలుగుతుంది అని అడుగుతా. మొదటి బల్బు కరెంటు కొంత వాడేసుకుంటుంది కాబట్టి రెండోది డిమ్‌గా ఉంటుందని చాలామంది పెడతారు. అప్పుడు కరెక్ట్ ఆన్సర్ చెప్పను, ఏ ఆప్షన్‌కి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపించే గ్రాఫ్ కూడా చూపించను, వేరే ఆన్సర్ పెట్టినవాళ్లని వెతుక్కుని రెండు నిమిషాలు వాదించుకోమంటా. క్లాసు గోలగోలగా ఉంటుంది కానీ ఆ గోలంతా కరెంటు గురించే! మళ్లీ కార్డులు ఎత్తిస్తే చాలా ఓట్లు మారిపోతాయి, ఆ తర్వాత ఫెట్ సిమ్యులేషన్‌లో (కంప్యూటర్‌లో ప్రయోగాలు చేసి చూపించే ప్రోగ్రామ్) సర్క్యూట్ కట్టి కరెంటు కొలిచే అమ్మీటర్ రెండు చోట్లా పెడితే రీడింగ్ ఒకటే, అంటే రెండు బల్బులూ సమానంగానే వెలుగుతాయి, అప్పటికే ఒక పక్షం పట్టుకుని ఉన్నారు కాబట్టి కళ్లన్నీ స్క్రీన్ మీదే ఉంటాయి. మొదటి ఓటులో కరెక్ట్ 30 నుంచి 70 శాతం మధ్య వస్తేనే ఈ చర్చ బాగా నడుస్తుంది, మరీ తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాల్సిందే.

టైమర్, లీడర్‌బోర్డ్ ఉండే క్విజ్ యాప్‌లు కూడా వాడి చూశా, హుషారు బాగానే వస్తుంది గానీ పాయింట్ల కోసం తొందరపడి ఏదో ఒకటి నొక్కేస్తారు, నెమ్మదిగా ఆలోచించేవాళ్లు వెనకబడిపోతారు. దీంట్లో ఆ పరుగు లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆప్షన్లకే పరిమితం, ఎందుకు ఆ ఆన్సర్ పెట్టారో కార్డు చెప్పదు, అందుకే తర్వాత ఇద్దరు ముగ్గుర్ని లేపి అడగాలి. తప్పు ఆప్షన్లు కూడా పిల్లలు నిజంగా పొరబడేవే అయ్యుండాలి, అలాంటి ఒక్క ప్రశ్న తయారుచేయడానికి నాకు అరగంట పడుతుంది. ఇంకోటి, కార్డులకి మెరిసే లామినేషన్ చేయించకండి, లైటు పడితే కెమెరా చదవలేదు, మందపాటి మామూలు కాగితం చాలు. వేళ్లు బొమ్మ మీద పడకుండా అంచులు పట్టుకోవడం మొదటి రోజే నేర్పించండి, కార్డు నంబర్లు రోల్ నంబర్లతో కలిసేలా పెట్టుకుంటే పంచడం పిల్లలే చూసుకుంటారు.