నీడ సందులో ఏ ఫెర్న్ మేలు? ముందు మీ నీళ్ళ సంగతి చూడండి

"ఇంటికీ ప్రహరీ గోడకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. ఎండ పడదు, పూల మొక్క ఏది పెట్టినా పూయదు. ఫెర్న్ పెడితే బతుకుతుందా? పెడితే బోస్టనా, స్వోర్డ్ ఫెర్నా, బర్డ్స్ నెస్టా?" ఈ ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే. మా వీధిలో ఇద్దరు అడిగారు, విజయవాడలో ఉండే మా ఆడపడుచు ఫోన్లో రెండుసార్లు అడిగింది. మాది గుంటూరు. మా ఇంటి ఉత్తరం వైపు సందులో ఐదేళ్ళుగా ఈ రకాలన్నీ పెంచాను. కొన్ని పోయాయి, కొన్ని నిలిచాయి. ఈ మధ్యే సందులో ఎక్కువ భాగం ఒకే రకంతో నింపేశాను. ఎందుకలా చేశానో చెబుతాను.

అడిగేవాళ్ళందరూ నీడ గురించే అడుగుతారు. నీడ మనకు కష్టం కాదు. ఉత్తరం గోడ పక్కనో, మామిడి చెట్టు కిందో, సగం ఎండని ఆపే యాభై శాతం గ్రీన్ నెట్ కిందో దొరుకుతుంది. మన ఊళ్ళలో ఫెర్న్‌ని చంపేవి రెండు. ఒకటి మే నెల వడగాలి, రెండోది బోరు నీళ్ళలో ఉప్పు. వడగాలి సంగతి అందరికీ తెలుసు కాబట్టి తడి గోనెలు కడతారు, తెరలు దించుతారు. ఉప్పు గురించి మాత్రం ఎవరూ అడగరు. నా అనుభవంలో ఏ ఫెర్న్ పెట్టాలో తేల్చేది అదే.

మొదటి ఏడాది ఫిబ్రవరిలో నాలుగు బోస్టన్ కుండీలు కొన్నాను. కడియం నుంచి వచ్చిన మొక్కలు, చూస్తే కళ్ళు తిప్పుకోలేనంత పచ్చగా ఉన్నాయి. మార్చి చివరికి ఆకు కొసలు గోధుమ రంగుకి తిరిగాయి. ఎండ సెగ అనుకుని ఇంకా నీడలోకి జరిపాను. ఏప్రిల్లో అంచులు కూడా మాడాయి. నీళ్ళు చాలట్లేదనుకుని రోజుకు మూడుసార్లు పోశాను. మే నెలలో నాలుగూ పోయాయి. మరుసటి ఏడాది మళ్ళీ కొన్నాను, మళ్ళీ అదే కథ. ఆ తర్వాత వంటింట్లో ఆర్‌ఓ మిషన్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడి చేతిలో, నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు చూసి, "బాబూ, ఇది కాస్త బోరు బకెట్లో ముంచు" అన్నాను. లీటరుకి 1350 మిల్లీగ్రాములని చూపించింది. తాగే నీళ్ళకి 500 లోపు ఉండాలని మన దేశ ప్రమాణం. వేరే నీళ్ళు దొరక్కపోతే 2000 వరకు సరిపెట్టుకోవచ్చంటారు. మనుషులకే ఇన్ని షరతులుంటే, దారప్పోగుల్లాంటి సన్నని వేళ్ళున్న ఫెర్న్ ఎలా తట్టుకుంటుంది?

జరిగేది ఇది. కుండీలో పోసిన నీళ్ళలో కొంత మొక్క తాగుతుంది, కొంత ఆవిరైపోతుంది. నీళ్ళు పోతాయి కానీ ఉప్పు పోదు. రోజూ కొంచెం కొంచెం పోస్తుంటే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. ఒక దశ దాటాక మట్టి తడిగానే ఉంటుంది, వేళ్ళు మాత్రం ఆ తడిని లాక్కోలేవు. నీళ్ళు చివరిగా చేరే చోటు ఆకు కొస, అందుకే ముందు అదే మాడుతుంది. నేను మూడుసార్లు పోసినప్పుడు మూడింతల ఉప్పు పోశానన్నమాట.

తేడా ఎలా గుర్తుపట్టాలో నేర్చుకోండి. ఎండ తగిలితే, ఎండ పడిన వైపు ఆకు పాలిపోయి మచ్చలు పడుతుంది. గాలి పొడిబారితే చిన్నాకులు పెళుసెక్కి జలజలా రాలతాయి. ఉప్పయితే ముసలి ఆకుల కొసల నుంచి మొదలై అంచుల వెంట గోధుమ రంగు గీతలా పాకుతుంది. అన్నట్టు, ఆకు వెనక వరసగా ఉండే గోధుమ రంగు చుక్కలు తెగులు కాదు. ఫెర్న్‌కి పువ్వు, గింజ ఉండవు, ఆ చుక్కల్లోని పొడితోనే అది సంతానం పెంచుకుంటుంది. మా పక్కింటి పిన్నిగారు పురుగు పట్టిందని మందు కొట్టి మంచి మొక్కని పోగొట్టుకున్నారు.

ఇక బోస్టన్. దీని అందం గురించి తగువు లేదు. వేలాడే కుండీలో నాలుగు వైపులా జలపాతంలా వంగే ఆకు మరే ఫెర్న్‌కీ లేదు. 1894లో అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కి పంపిన ఫెర్న్ మొక్కల్లో, మిగతావాటిలా నిటారుగా నిలబడకుండా వంగిన మొక్క ఒకటి కనిపించింది. ఆ మొక్క నుంచే ఈ రకం వచ్చింది, ఆ పేరూ అలాగే వచ్చింది. మరీ వేడి, పొడి గాలి దీనికి పడవు. కడియం తోటల్లో గోదావరి కాలవ నీళ్ళు తాగి, నెట్ కింద తేమలో పెరిగిన మొక్క మన సందులోకొచ్చి బోరు నీళ్ళు తాగాలంటే తట్టుకోలేదు. విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉండి, కుళాయిలో కృష్ణ నీళ్ళు వస్తూ, తూర్పు బాల్కనీ ఉంటే నిక్షేపంగా పెట్టుకోండి. మా ఆడపడుచుకి నేను చెప్పింది అదే, ఆమె ఇంట్లో బోస్టన్ మూడేళ్ళుగా నిలబడింది. పడమటి బాల్కనీ అయితే మాత్రం ఆశ పెట్టుకోకండి.

స్వోర్డ్ ఫెర్న్ బోస్టన్‌కి దగ్గరి చుట్టమే. ఆకు నిటారుగా, సన్నగా, రెండడుగుల దాకా లేస్తుంది. చూపుకి బోస్టన్ అంత మెత్తగా ఉండదు. దీని బలం మట్టి కింద ఉంది. వేళ్ళకి గోళీకాయంత గుండ్రటి దుంపలు ఊరతాయి, వాటిలో నీళ్ళు దాచుకుంటుంది. బోస్టన్‌కి ఆ దుంపలు లేవు. మూడో ఏడాది రోహిణి కార్తెలో పెళ్ళికని ఊరెళ్ళి ఎనిమిది రోజులకి తిరిగొచ్చాం. రోళ్ళు పగిలే ఎండలు కదా, ఫెర్న్‌లన్నీ ఎండుగడ్డిలా అయిపోయాయి. "ఎండిపోయిందిగా, పీకెయ్యమ్మా" అన్నారు మా అత్తయ్యగారు. మనసొప్పక మట్టిదాకా కోసి, అలాగే ఉంచి తడుపుతూ వచ్చాను. మృగశిర వెళ్ళాక రెండో వానకి స్వోర్డ్ ఫెర్న్ కుండీల్లో, పసిపిల్లలు వేళ్ళు ముడుచుకున్నట్టు చుట్టుకుని కొత్త ఆకులు లేచాయి. పక్కనే ఉన్న బోస్టన్ కుండీలో ఏమీ లేవలేదు. ఆ రోజే నేను నిర్ణయించుకున్నాను.

ఉప్పు దీని ఆకుల్నీ మాడుస్తుంది, అబద్ధం చెప్పను. కానీ ఇది గబగబా కొత్త ఆకులు వేస్తుంది కాబట్టి, మాడినవి మొదలంటా కోసేస్తే నెలన్నరలో మళ్ళీ నిండుగా కనిపిస్తుంది. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. నర్సరీల్లో ఈ రెండింటినీ ఒకే పేరుతో అమ్మేస్తుంటారు. కుండీ కాస్త వంచి వేళ్ళలో దుంపలున్నాయేమో చూడండి. లేత మొక్కకి ఇంకా ఊరకపోతే ఆకు చూడండి. స్వోర్డ్ ఫెర్న్ చిన్నాకులు ఈనెకి రెండు వైపులా దగ్గరదగ్గరగా కూర్చుని, మొదళ్ళు ఈనె మీదికి కప్పుకుని ఉంటాయి. దీని లోపం ఒక్కటే, ఆగదు. తీగల్లాంటి పిలకలు వేసి పాకుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో తోటలు దాటి అడవుల్లోకి చొరబడే మొక్కల్లో దీన్ని లెక్కేస్తారు. ఇటుక వరస కట్టి దాని లోపలే పెంచండి, పీకేసిన పిలకల్ని కాలవ గట్టు మీద పారేయకండి.

బర్డ్స్ నెస్ట్ వేరే జాతి. ఆకు చీలికలు లేకుండా అరిటాకు పిల్లలా వెడల్పుగా, మెరుస్తూ గూడులా అమరుతుంది. అడవిలో చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్క కాబట్టి వేళ్ళకి గాలాడాలి. చిన్న కుండీ, బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు చాలు. నీళ్ళు గూడు మధ్యలో కాకుండా పక్కన పోయాలి, లేకపోతే వానాకాలంలో మధ్య మొగ్గ కుళ్ళుతుంది. వడగాలికి ఇది బోస్టన్ కంటే గట్టిదే. ఉప్పు నీళ్ళకి వచ్చేసరికి దీని బాధ వేరు. ఏడాదికి వేసేది కొద్ది ఆకులు, వేసిన ఆకు చాలాకాలం ఉంటుంది. అంచు ఒకసారి మాడితే ఆ మచ్చ అన్ని నెలలూ కంటి ముందే కనిపిస్తుంది. హాల్లో కిటికీ పక్కన ఒక్క మొక్క పెట్టుకుని, దానికి మంచి నీళ్ళు కేటాయించగలిగితే దీన్ని మించింది లేదు. సందు నింపడానికి పనికిరాదు.

మెయిడెన్ హెయిర్ గురించి రాయాలంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. వెంట్రుకలాంటి నల్లటి కాడలు, నీటి బొట్టు నిలవని లేత ఆకులు. సున్నం ఎక్కువున్న నీళ్ళని ఇందులో కొన్ని రకాలు బాగానే భరిస్తాయి, పొడి గాలిని మాత్రం ఒక్క పూట కూడా భరించవు. ఏప్రిల్ మధ్యాహ్నం ఒక్కసారి ఎండితే ఆకు మళ్ళీ లేవదు. జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఆనందించి, వేసవిలో మొదలంటా కోసి స్నానాల గది కిటికీలో దాచుకునే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.

ఎవరూ అడగని ఇంకో ఫెర్న్ ఉంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. మా పెరట్లో వాడకం లేని పాత బావి ఉంది. దాని లోపలి ఇటుకల సందుల్లో, గానుగ సున్నం ఊడిన చోటల్లా నిచ్చెన మెట్లలా పొడవాటి చిన్నాకులున్న ఫెర్న్ దానంతటదే పెరుగుతోంది. పాత గోడల మీద, తూముల పక్కన మీరూ చూసే ఉంటారు. శాస్త్రీయ నామం టెరిస్ విట్టాటా. సున్నం ఉన్న చోటే దీనికి ఇష్టం, ఎండ కూడా మిగతావాటికంటే ఎక్కువ ఓర్చుకుంటుంది. మట్టిలోంచి ఆర్సెనిక్ విషాన్ని లాగి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు బయటపెట్టారు కాబట్టి, కోసిన ఆకులు పశువులకి వేయకండి, కూరమడికి ఎరువుగా వాడకండి. గోడ మొదట్లో, పాత ఇటుక పెళ్ళలు కలిపిన మట్టిలో రెండు మొక్కలు నాటాను. వాటికి బోరు నీళ్ళే పోస్తున్నాను, బాగున్నాయి.

స్టాగ్‌హార్న్ అనే ఫెర్న్, చెక్కకి కట్టి గోడకి వేలాడదీసే మొక్క, ముచ్చటపడేవాళ్ళకి సరే. ఆస్పరాగస్ ఫెర్న్ అని అమ్మేది అసలు ఫెర్నే కాదు, అయినా మన వేడికి బాగా ఆగుతుంది.

ఇంతకీ బోరు తప్ప వేరే నీళ్ళు లేనివాళ్ళు ఏం చేయాలి? ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టుకోండి. అది గాలిలోని తేమ చల్లబడి నీరైంది, అందులో ఉప్పు ఉండదు. పైగా ఫెర్న్‌కి మంచి నీళ్ళు అత్యవసరమైన ఏప్రిల్, మే నెలల్లోనే ఏసీ ఎక్కువ నడుస్తుంది. మా పడగ్గది పైపు కింద బకెట్ పెడితే తెల్లారేసరికి సగం నిండుతుంది, ఆరు కుండీలకి సరిపోతుంది. వానాకాలంలో డాబా పైపుకి ఒక డ్రమ్ము పెట్టుకోండి. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం పోయకండి. వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో చాలామంది మొక్కలకి పోస్తున్నారు, కానీ మిషన్ వడగట్టిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. బోరు నీళ్ళే పోయక తప్పకపోతే, పదిహేను రోజులకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి, పేరుకున్న ఉప్పుని కడగండి. ఆకుల మీద చల్లకండి, చుట్టూ నేల తడపండి.

మట్టి విషయంలో ఒకటే మాట. మన నల్లరేగడి తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఎండితే బీటలు వారుతుంది, రెండూ ఫెర్న్‌కి పడవు. ఎర్రమట్టి ఒక పాలు, బాగా చివికిన ఆకు ఎరువు రెండు పాళ్ళు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు కలిపి, అడుగున ఇటుక ముక్కలు వేయండి. కోకోపీట్‌లోనూ ఉప్పుంటుంది, మంచి నీళ్ళలో నానబెట్టి రెండుసార్లు పిండాకే కలపండి. మిరప చేనుకి మిగిలిందని గుప్పెడు డీఏపీ ఎరువు తెచ్చి కుండీలో వేయకండి. అదీ ఉప్పే.

సందు కోసం అడిగిన మా వీధివాళ్ళిద్దరివీ బోరు నీళ్ళే. ఇద్దరికీ స్వోర్డ్ ఫెర్నే చెప్పాను, దుంపలతో సహా చెరో నాలుగు పిలకలు విడదీసి ఇచ్చాను. మీరు కొనేట్టయితే జూలై, ఆగస్టుల్లో కొనండి. ఫిబ్రవరిలో పచ్చగా కనిపిస్తున్నాయని తెచ్చుకుంటే, వేళ్ళు కుదురుకునే లోపే ఎండలు వచ్చేస్తాయి. వానల్లో నాటితే మట్టి పట్టుకోవడానికి దానికి ఏడెనిమిది నెలల వ్యవధి దొరుకుతుంది, వేసవి నాటికి నాలుగు దుంపలైనా ఊరతాయి.