జాగ్రత్త: లేజర్ అని డబ్బు తీసుకుని ప్లాస్మాలో కోసిచ్చే కడప షెడ్డు

కత్తుల బ్లాంకులు (పదును పెట్టని, కత్తి ఆకారపు ముక్కలు) బయట కోయించుకునేవాళ్లు కడప చుట్టుపక్కల ఎవరున్నా, ఊరి చివర "ఫైబర్ లేజర్ కటింగ్" బోర్డు పెట్టుకున్న షెడ్డుకు మంచి స్టీలు తీసుకెళ్లకండి. లేజర్ కాంతితో సన్నగా కోస్తుంది; ప్లాస్మా అంటే కరెంటుతో మండించిన గాలి మంటతో లోహాన్ని కరిగించి కోయడం. ఏ షెడ్డో చెప్పక్కర్లేదు, మనవాళ్లంతా ఒకరికొకరు సిఫారసు చేసుకుంటున్నది దాన్నే. చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ పాపం కూడా నా ఖాతాలోనే రాసుకుంటున్నా.

పని చిన్నదే. మెత్తబరిచిన ఈఎన్31 (బేరింగ్ స్టీలు) షీటు, 600 × 300 మి.మీ., మందం 3, బరువు నాలుగు కేజీల పైచిలుకు. అందులో 12 వంటింటి కత్తులు. ఒక్కోటి 270 పొడవు, 42 వెడల్పు, అందులో బ్లేడు భాగం 150. పొడవంతా షీటు రోలింగ్ దిశలోనే పడేలా రెండు వరసలు, వరసకు ఆరు. డీఎక్స్ఎఫ్ (మెషీన్‌కు ఇచ్చే డ్రాయింగు) ఫైలు మిల్లీమీటర్లలో, ఒకటికి ఒకటి సైజులో, గీతలన్నీ మూసుకున్నవే. సెటప్ చార్జి 1500, కోత మీటరుకు 70 చొప్పున 8 మీటర్లకు 560, మొత్తం 2060 ముందే ఫోన్‌పే. షీటుకు, దాని ట్రాన్స్‌పోర్టుకు 1900 అంతకుముందే అయిపోయింది.

ముక్కలు గోనెసంచిలో వచ్చాయి. సంచిలోంచి తీయగానే తెలిసిపోయింది. అడుగు అంచు పొడవునా చిట్టెం గడ్డకట్టి వేలాడుతోంది. లేజర్ కోతకు అంచులో సన్నని నిలువు గీతలు కనిపిస్తాయి, అంచు నిటారుగా ఉంటుంది. వీటి అంచు ఒకవైపు బాగానే ఉంది, రెండోవైపు ఏటవాలుగా జారింది. ప్లాస్మా గురించి తెలిసినవాళ్లకు ఇది చాలు. టార్చిలో (మంట వచ్చే మూతిలో) గాలి సుడి తిరుగుతుంది కాబట్టి, అది నడిచే దిశకు కుడివైపు అంచు నిటారుగా, ఎడమవైపు వాలుగా వస్తుంది. చేయడం తెలిసినవాడైతే బయటి గీతను గడియారం ముల్లు తిరిగే వైపు, లోపలి రంధ్రాన్ని దానికి ఎదురుగా నడిపి మంచి అంచు ముక్కకు వచ్చేలా చూసుకుంటాడు. వీళ్లకు అంత తీరిక ఎక్కడిది.

వెర్నియర్ పెట్టి చూస్తే 42 ఉండాల్సిన వెడల్పు 40.4. పన్నెండింటికీ దాదాపు అంతే. మూడు మి.మీ. షీటులో లేజర్ తినేది (కోత వెడల్పు) 0.2, 0.3 మి.మీ. ప్లాస్మా మిల్లీమీటరున్నర దాకా తింటుంది. ఆ తినే మేరకు గీతను బయటికి జరపాలని మెషీన్‌కు చెప్పకుండా నా గీత మీదే టార్చి నడిపారు. తగ్గిన 1.6 మి.మీ. లెక్క అక్కడికి దాదాపు సరిపోయింది.

రంధ్రాల సంగతి ఇంకా ఘోరం. పిడికి 5 మి.మీ. ఇత్తడి పిన్నులు, కత్తికి మూడు. "రంధ్రాలు కోయొద్దు, మధ్యలో చుక్క గుర్తు పెట్టండి చాలు, డ్రిల్ నేను వేసుకుంటా" అని చెప్పాను. చెప్పింది వాయిస్ మెసేజ్‌లో. ఫైల్లో మాత్రం 5 మి.మీ. సున్నాలు అలాగే వదిలేశా. తెలివి. ఆ సున్నాల మీద టార్చి తిరిగి 6.6 మి.మీ. కోడిగుడ్లు వచ్చాయి, ప్రతి గుడ్డుకూ టార్చి మొదట గుచ్చిన చోట ఒక గంటు. లేజర్‌తో కూడా షీటు మందం కంటే చిన్న రంధ్రం కోయించకూడదు. ప్లాస్మాకైతే మందానికి రెండింతలన్నా లేనిదే రంధ్రం గుండ్రంగా రాదు.

సరే, రుద్ది సరిచేసుకుందామని ఆకురాయి పెడితే అంచు మీద గాజు మీద జారినట్టు జారిపోయింది. రంధ్రాన్ని 8కి పెంచి పెద్ద పిన్ను వేద్దామని హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీలు) డ్రిల్ బిట్ పెట్టా. మొన నీలం తిరిగింది, రంధ్రం మాత్రం చెక్కుచెదర్లేదు. ఇది స్టీలు తప్పు కాదు. ఈఎన్31లో కార్బన్ ఒక శాతం, క్రోమియం ఒకటిన్నర దాకా ఉంటాయి. 800 డిగ్రీలు దాటి వేడెక్కిన సన్నని అంచు, పక్కనే చల్లగా ఉన్న షీటు వేడి లాగేసుకోగానే తనంతట తానే హార్డెనింగ్ అయిపోతుంది. నూనె అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. గాలితో నడిచే ప్లాస్మా అయితే అంచులోకి నైట్రోజన్ కూడా ఎక్కి ఇంకా పెళుసవుతుంది. లేజర్‌కూ ఈ గట్టి పొర వస్తుంది, కాదనను. కాకపోతే అది మిల్లీమీటరులో కొన్ని పదోవంతులు. అందుకే నేను బయటి గీతకు చుట్టూ 0.5 వదిలాను. ప్లాస్మా పొర మిల్లీమీటరు దాటిపోయింది. గేట్లకు, గ్రిల్లులకు ఎంఎస్ (మైల్డ్ స్టీలు) కోసేవాళ్లకు ఈ బాధే కనపడదు. దానిలో కార్బన్ పావు శాతం కూడా ఉండదు, ఎంత కాల్చినా మెత్తగానే ఉంటుంది.

వంకర కూడా చూశా. ఇంట్లో నున్నటి కడప బండ మీద ఒక్కో ముక్కా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) దూరిస్తే మిల్లీమీటరు పైన సందు, మూడు ముక్కలకైతే రెండు మి.మీ. దాకా. వేలితో ఒక కొస నొక్కితే రెండో కొస లేస్తోంది. గ్రైండింగ్ రాయి మీద రవ్వలూ చూశా, షీటే మార్చేశారేమోనని. రవ్వలు పొట్టిగా, గుత్తులుగా చిట్లుతున్నాయి. ఎంఎస్ అయితే పొడుగ్గా, కొమ్మలు లేకుండా పోతాయి. అంటే షీటు నాదే. మార్చలేదు, మహానుభావులు.

ఇప్పుడు అసలు సంగతి. ముక్కలు పట్టుకుని షెడ్డుకు వెళ్లా. మెషీన్ దగ్గరున్న కుర్రాడు దాచుకోకుండానే చెప్పేశాడు: "లేజరు నెల నుంచి పండుకునిందన్నా, లెన్సు రావాల. ప్లాస్మాలో కొట్టేసినాం. ఏం, తెగలేదా?" తెగింది నాయనా, బ్రహ్మాండంగా తెగింది. అంటే డబ్బు తీసుకున్న రోజుకే లేజర్ లేదు. ఆ ఒక్క ముక్క ఫోన్‌లో చెప్పుంటే షీటు పంపేవాణ్ణి కాదు.

ఓనరు దగ్గరికి వెళ్లి, షీటు ఖరీదు వదిలేయండి, కోత డబ్బులు 2060 అన్నా ఇచ్చేయండి అన్నా. ఆయన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, షెడ్డులో ఉన్న నలుగురికీ వినపడేలా అన్న మాట ఇది: "ఏమప్పా, ఇవి కత్తులు గదా? ఒకటి గాదు, రెండు గాదు, పన్నెండు. కడపలో పన్నెండు కత్తులు కోయించుకున్న మనిషివి, మళ్లా డబ్బులు వాపసంటాండావే. స్టేషన్‌కు ఒక ఫోన్ కొడ్తామా? లేజరో ప్లాస్మానో వాళ్లొచ్చి తేలుస్తారు."

నలుగురూ నవ్వారు. నా నోట్లోంచి మాట రాలేదు. డ్రాయింగు చూసినప్పుడు అవి కత్తులని తెలీదా? అడ్వాన్సు తీసుకున్నప్పుడు అవి చెంచాలా? వేటకొడవళ్ల సీమ అని బయటివాళ్లు అంటే మనకు కోపం. ఇక్కడ మనవాడే, రెండువేల రూపాయల కోసం, ఉల్లిగడ్డలు కోసుకునే కత్తిని చూపించి బెదిరించాడు. తప్పు చేసింది వాడు, తలొంచుకుని బయటికొచ్చింది నేను. షీటులో మిగిలిన చట్రం అడిగితే "స్క్రాపు మాదే, బోర్డు చూడలా?" అన్నాడు. బోర్డు మీద అలాంటిదేమీ లేదు, లేజర్ అని మాత్రం ఉంది.

ఇంటికొచ్చాక చూసుకుంటే, ఆయుధాల చట్టం 1959 కింది నిబంధనల్లో కత్తులకు చెప్పిన కొలత బ్లేడు 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు. అది కూడా ఇంటిపనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పరిశ్రమల పనులకు చేసినవి కాకపోతేనే. నావి 6 అంగుళాలు, వెడల్పు రెండుకు లోపలే, వంటింటివి. ఆ జవాబు అక్కడే చెప్పి ఉండాల్సింది. ఎవరైనా ఇదే బెదిరింపు విని ఉంటే ఈ కొలతలు గుర్తుపెట్టుకోండి. దానికి తోడు ఫైలు పేరు "కత్తి ఫైనల్" అని పెట్టింది కూడా నేనే. "కిచెన్ టూల్, 6 అంగుళాలు" అని పెట్టడానికి ఏం రోగం?

ముక్కల్లో ఏది దక్కుతుందో చూస్తున్నా. ముందు పగుళ్ల పరీక్ష. అంచుకు కిరసనాయిలు రాసి, పది నిమిషాలాగి, పొడిగా తుడిచి సుద్దపొడి చల్లితే, పగులు ఉన్నచోట తడి గీత లేస్తుంది. పన్నెండింటిలో మూడు మొన దగ్గరే చిట్లి ఉన్నాయి, అవి చెత్తబుట్టకే. మిగతావి 680 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, బూడిదలో పాతిపెట్టి నెమ్మదిగా చల్లార్చాలి. అప్పటికి ఆకురాయి పడుతుంది. ఆ తర్వాత కూడా అంచు చుట్టూ ఒకటిన్నర మి.మీ. అరగదీయక తప్పదు, ఏటవాలూ సన్నని పగుళ్లూ ఉండేది అందులోనే. 40.4లో మూడు పోతే 37.4. పిడి కింద వేళ్లకు చోటు తగ్గి, పీట మీద కోసేటప్పుడు కణుపులు తగులుతాయి. గుడ్డు రంధ్రాల పిడికి మందే లేదు. వెనక భాగం సన్నటి తోకలా అరగదీసి కర్రలోకి దిగ్గొట్టడం ఒక్కటే దారి. పన్నెండు కూరగాయల కత్తుల బదులు ఐదారు పండ్ల కత్తులు వస్తే గొప్ప.

అడగక ముందే చెప్తున్నా, ఆ గట్టి అంచును అలాగే ఉంచేసి నేరుగా కొలిమిలో పెట్టొద్దు. 830 దగ్గర వేడిచేసి నూనెలో ముంచగానే ఉన్న సన్న పగులు టింగుమని చీలుతుంది. చేసిన పనంతా ఆ శబ్దంతో పోతుంది.

ఇంకోసారి ఇచ్చేవాళ్లకు రెండు మాటలు. "ఫైబర్ లేజర్ మాత్రమే, ప్లాస్మా వద్దు, రంధ్రాలు చుక్కలు మాత్రమే" అని వాట్సాప్‌లో అక్షరాల్లో రాసి, వాళ్ల చేత "ఓకే" అనిపించుకున్నాకే డబ్బు కొట్టండి. నాలాగా వాయిస్ మెసేజ్ పెట్టొద్దు. సున్నాలు ఫైల్లోంచే తీసేయండి. మొదటి ముక్క మీ కళ్ల ముందు కోయించి, వెర్నియర్ పెట్టి, ఆకురాయి గీసి చూశాక మిగతావి. అస్సలు వేడి తగలకూడదంటే వాటర్‌జెట్ (గట్టి ఒత్తిడి నీటిధారతో కోత). దానికి బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ దాకా పోవాలి, తడి కోత కాబట్టి ముక్కలు చేతికి రాగానే తుడిచి నూనె రాయకపోతే ఇంటికి చేరేలోపే తుప్పు పడతాయి. పది పన్నెండు ముక్కలకు అంత దూరం ఎందుకనుకుంటే యాంగిల్ గ్రైండర్‌కు ఒక మి.మీ. కటింగ్ వీల్ వేసుకుని, గీతకు రెండు మి.మీ. బయట కోసుకోవడమే. ఒక ఆదివారం పోతుంది, అంతే.

షీటు చట్రం ఇంకా వాళ్ల షెడ్డులోనే ఉంది. స్క్రాపు కుప్పలో 600 పొడుగున, 12 కత్తుల ఆకారంలో బొక్కలున్నది కనబడితే అది నాదే. ఎవరైనా అటు పోతే ఫోటో తీసి పెట్టండి, అంచు కూడా కనబడేలా.